పురపాలనమున పౌరుని స్థానము

వర్షాకాలము వచ్చినప్పుడెల్ల మన నగరములలో ఒక దృశ్యము కానవచ్చుచున్నది. ఒక రాత్రి వాన కురియును. తెల్లవారునప్పటికి వీధులు కాలువలగును. మురుగునీరు ఇండ్లలో ప్రవేశించును. ప్రజలు ఆగ్రహింతురు. ఆ ఆగ్రహములో నుండి తరచుగా వెలువడు మాట ఒకటి గలదు. "ఈ కార్పొరేటర్ల వలన ప్రయోజనమేమి? సమర్థుడైన అధికారి నొక్కనిని నియమించి సర్వాధికారములు ఇచ్చినచో నగరము బాగుపడదా?" అని చదువుకొన్నవారు సైతము పలుకుచున్నారు. ఈ మాటలో బాధ యున్నది; ఆ బాధ న్యాయమైనదే. కాని ఆ బాధకు వారు చెప్పు మందు రోగమును కుదుర్చునదా, రోగిని బలహీనపరచునదా యని విచారించుట మా విధి.

ఈ మందు క్రొత్తది కాదు. నూటపాతికేండ్ల క్రిందట అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇదే రోగమునకు ఇదే మందు వాడి చూచినారు. కొన్ని నగరములలో దానివలన గొప్ప మేలు కలిగెను. ఆ మేలు వెంట ఒక కీడును వచ్చెను. అది బయటపడుటకు చాలకాలము పట్టెను. ఆ రోజులలోనే మఱియొక నగరము వేఱు మార్గమున నడచెను. ఆ చరిత్రను మన పాఠకుల ముందుంచి, అందు మనము గ్రహింపదగిన దేదియో చెప్పుటకు పూనుకొనుచున్నాము.

పందొమ్మిదవ శతాబ్ది చివర అమెరికా నగరములు ఊహింపరాని వేగముతో పెరిగినవి. 1870లో సుమారు మూడు లక్షల జనము గల చికాగో 1900 నాటికి పదునేడు లక్షల నగరమైనది. ఇంతమందికి నీరు కావలెను, దీపములు కావలెను, మురుగు కాలువలు కావలెను, పనిచోటికి పోవుటకు ట్రాముబండ్లు కావలెను. వీథిలో పట్టాలు పఱచుటకు, గ్యాసు గొట్టములు వేయుటకు అనుమతి నిచ్చు అధికారము పురపాలక సంఘముది. ఒక్కసారి లభించిన అనుమతి యేండ్ల తరబడి బంగారు గని వంటిది. కావున అనుమతిని కోరు కంపెనీవారు ధనపు సంచులతో సభ్యుల యిండ్లకు రాసాగిరి. సభ్యులను చేతిలో నుంచుకొన్న ముఠానాయకులు బయలుదేరిరి. వీరు పదవిలో లేకయే నగరమును ఏలిరి. 1904లో లింకన్ స్టెఫెన్సు అను పత్రికారచయిత, సెయింట్ లూయీ, మినియాపొలిసు, పిట్సుబర్గు, ఫిలడెల్ఫియా మున్నగు నగరముల స్థితిని తాను మాసపత్రికలో వర్ణించిన వ్యాసములను 'నగరముల సిగ్గు' అను అర్థము గల పేరుతో గ్రంథముగా ప్రకటించెను. అది చదివి అమెరికా తల వంచుకొనెను.

అట్టి ముఠానాయకులను ప్రజలేల ఎన్నుకొనిరి? వారు అజ్ఞానులా? ఈ ప్రశ్నకు ఉత్తమమైన సమాధానమును చెప్పినది ఒక స్త్రీ. చికాగో పందొమ్మిదవ వార్డులో వలసవచ్చిన బీదలనడుమ 1889లో 'హల్ హౌసు' అను సేవాసదనమును స్థాపించిన జేన్ ఆడమ్సు, 1895లో ఆ వార్డు చెత్త తనిఖీ ఉద్యోగమును తానే స్వీకరించి, ప్రాతఃకాలముననే చెత్తబండ్ల వెంట తిరిగిన మహనీయురాలు. ఆ వార్డు సభ్యుని ఓడింపవలెనని ఆమె ప్రయత్నించి విఫలురాలయ్యెను. అటుపిమ్మట, 1898లో, ఓటమికి కారణమేమో విమర్శించి వ్రాసెను. ఆ సభ్యుడు పని లేనివానికి పురపాలక సంఘములో పని ఇప్పించును. అద్దె చెల్లింపలేని వితంతువు అద్దె చెల్లించును. జైలులో పడినవానికి జామీను నిలుచును. చావు ఇంటికి బండ్లు పంపును. క్రిస్టమసు పండుగకు ఇంటింటికి కోళ్లు పంచును. అతడు దొంగయని ఓటర్లకు తెలియును. కాని కష్టకాలమున తలుపు తట్టదగిన యిల్లు అతనిదొక్కటియే. సంస్కర్తలో, నీతి బోధించి సాయంకాలమునకు తమ పేటకు పోవువారు. ఈ భేదమును గుర్తింపనిదే పురపాలన సంస్కరణము సాగదని ఆమె అభిప్రాయము. మన నగరములలోని పేదపేటలలో తిరిగినవారికి ఇందు కొత్త యేమియు తోపదు.

స్టెఫెన్సు సయితము ఒక చేదు సత్యమును కనుగొనెను. లంచము పుచ్చుకొనువాడు ముఠావాడే కావచ్చును, ఇచ్చువాడెవడు? గౌరవనీయుడైన వర్తకుడు, బ్యాంకరు, ట్రాము కంపెనీ యజమాని. "రాజకీయములను వర్తకులకప్పగింపుడు, అన్నియు శుభ్రపడును" అని పలికినవారికి, ఈ దుర్గంధమునకు మూలము వర్తకపు గదిలోనే యున్నదని అతడు నిరూపించెను. ఈ రెండు సత్యములను మనస్సున నుంచుకొని తరువాతి కథను చదువవలెను.

టెక్సాసు రాష్ట్రమున సముద్రపు టొడ్డున ఇసుక దీవిపై గాల్వెస్టను అను రేవు పట్టణము గలదు. 1900 సెప్టెంబరు 8వ తేదీన వచ్చిన తుపాను ఆ పట్టణమును ముంచివేసెను. ముప్పదియెనిమిది వేల జనాభాలో మరణించినవారు ఆరువేలకు తక్కువ లేరు. ఎనిమిదివేలని పెక్కుర లెక్క. పురపాలక సంఘము అప్పటికే అప్పులలో మునిగియున్నది. పట్టణపు ప్రముఖ వర్తకులు కొందఱు సమావేశమై, ఇక పాత సంఘముతో పని జరుగదనియు, ఐదుగురు కమిషనర్లకు సర్వాధికారము లీయవలెననియు తీర్మానించిరి. 1901లో అట్టి శాసనమైనది. పోలీసు, అగ్నిమాపకము ఒకరికి, ఆదాయ వ్యయములు ఒకరికి, నీరు, మురుగు ఒకరికి, వీధులు ఒకరికి, అందఱపై మేయరు. మొదట ఈ ఐదుగురిలో మువ్వురిని రాష్ట్ర గవర్నరే నియమించెను. ప్రజల యెన్నిక లేక నగరమును ఏలుట చెల్లదని న్యాయస్థానము పలుకగా, 1903లో ఐదుగురును ఎన్నికగల వారైరి.

ఈ కమిషనువారు చేసిన పని సామాన్యము కాదు. 1904 నాటికి మూడు మైళ్లకు మించిన పొడవున, పదునేడడుగుల యెత్తున సముద్రమునకు అడ్డుగోడ కట్టించిరి. ఊరినే పైకెత్తిరి! రెండువేలకు పైగా కట్టడములను మరలపై లేవనెత్తి, క్రింద ఇసుక నింపి, పట్టణపు నేలమట్టమునే పెంచిరి. 1915లో ఘోరమైన తుపాను మరల వచ్చినపుడు ఆ గోడయే పట్టణమును కాచినది. ఇట్టి కార్యదక్షతను మేము మనసార కొనియాడుచున్నాము. దక్షతను నిందించుట మా ఉద్దేశము కాదు.

కాని గాల్వెస్టను కీర్తి దేశమంతట వ్యాపించినపుడు, ఆపత్కాలమున పనికివచ్చిన ఏర్పాటు నిత్యకాలమునకును ఆదర్శమని జనులు భ్రమించిరి. 1907లో అయోవా రాష్ట్రమునందలి డిమోయిన్ పట్టణము ఈ పద్ధతిని స్వీకరించినపుడు కొంత వివేకము చూపినది. కమిషనర్లను కాలము తీరక పూర్వమే వెనుకకు పిలుచు హక్కును, శాసనములను తామే ప్రతిపాదించు హక్కును, ముఖ్యవిషయములపై ఓటు వేసి నిర్ణయించు హక్కును ప్రజలకొసగెను. పదియేండ్లలో కొన్ని వందల పట్టణములు కమిషను పద్ధతిని అవలంబించినవి. అంతలో దాని లోపమును బయటపడినది. కమిషనరు ఒక్కొక్కడు తన శాఖకు చిన్న రాజై కూర్చుండెను. తనపని తానే చేసి, తన లెక్క తానే ఒప్పుకొనుట మొదలుపెట్టెను. ఇతరుల శాఖను ప్రశ్నించినచో వారు తన శాఖను ప్రశ్నింతురని మౌనము వహించెను.

ఈ లోపమును దిద్దుటకు మేనేజరు పద్ధతి వచ్చెను. 1908లో వర్జీనియా రాష్ట్రపు స్టాంటన్ పట్టణము ఇట్టి యుద్యోగి నొకని నియమించెను. పద్ధతికి దేశవ్యాప్తి కలిగించినది మాత్రము మఱల ఒక జలప్రళయమే. 1913 మార్చిలో ఒహాయో రాష్ట్రమునందలి డేటన్ నగరమును మయామీ నది ముంచెత్తెను. మూడువందలకు మించి ప్రాణములు పోయినవి. ఆ యూరిలో నగదు లెక్కయంత్రములు చేయు పెద్ద కర్మాగారమునకు యజమానియైన జాన్ ప్యాటర్సను తన కర్మాగారమున పడవలు చేయించి జనమును రక్షించెను, వేలమందికి అన్నము పెట్టెను. ఆ కృతజ్ఞతా ప్రవాహములో, నగరమును కర్మాగారము వలె నడుపవలెనను అతని పాతకోరిక నెఱవేరినది. ఐదుగురు సభ్యుల చిన్న సంఘము. దాని క్రింద వేతనముపై నియమింపబడిన మేనేజరు. 1914 జనవరిలో హెన్రీ వెయిట్ అను ఇంజనీరు మొదటి మేనేజరుగా వచ్చెను. ఖర్చుల పట్టీ క్రమమునకు వచ్చెను, ఆరోగ్యశాఖ మేలుకొనెను, నిపుణులకు గౌరవము కలిగెను. నేటికిని అమెరికాలో వేలకొలది పట్టణములు ఈ పద్ధతిననుసరించుచున్నవి. ఎన్నికైన సంఘమునకు లోబడి నిపుణుడు పనిచేయుట మంచి పద్ధతియే.

మఱి కీడు ఎక్కడ? అది ఎన్నిక విధానములో దాగియున్నది. పూర్వము ఒక్కొక్క వార్డు తన సభ్యుని ఎన్నుకొనెడిది. సంస్కర్తలు వార్డులను రద్దుచేసి, నగరమంతయు కలిసి ఐదుగురిని ఎన్నుకొనునట్లు చేసిరి. వార్డే అవినీతికి పుట్టిల్లని వారి వాదము. ఫలితమేమి? నగరమంతటను తిరిగి ఓట్లడుగుటకు ధనము కావలెను, పత్రికలలో పేరు కావలెను. కూలిపేట మనిషికి అవి లేవు. డేటన్ నగరమున 1911లో వార్డుల పద్ధతిపై కార్మికపక్షమగు సోషలిస్టులు నూటికి సుమారు ఇరువదియైదు ఓట్లతో సంఘములో రెండు స్థానములు గెలిచిరి. 1917లో వారికి నూటికి నలువదినాలుగు ఓట్లు వచ్చినవి. క్రొత్త పద్ధతిలో ఒక్క స్థానమైనను దక్కలేదు. నగరమున దాదాపు సగమునకు సంఘమున నోరు లేకపోయినది. ఇది పరిశీలించియే, సంస్కరణోద్యమమునకు ముందు నిలిచినవారు ఎక్కువగా వర్తకులు, వృత్తినిపుణులు ననియు, నగరముపై నిర్ణయాధికారమును క్రిందివారి చేతులలో నుండి పైవారి చేతులకు మార్చుట అందలి సారాంశమనియు శామ్యూల్ హేసు అను చరిత్రకారుడు 1964లో నిర్ధారణ చేసెను.

దక్షిణ రాష్ట్రములలో ఈ కీడు ఇంకను ఘోరము. అలబామా రాష్ట్రపు మొబీల్ నగరము 1911లో మువ్వురు కమిషనర్ల పద్ధతిని స్వీకరించెను. నగర జనులలో మూడవవంతు నల్లజాతివారైనను, ఏడు దశాబ్దములలో వారిలో ఒక్కడును కమిషనరు కాలేదు. ఈ వివాదము 1980లో దేశపు సుప్రీము కోర్టు వఱకు పోయి, మఱల క్రింది కోర్టునకు వచ్చి, 1985లో వార్డుల పద్ధతి పునరుద్ధరింపబడినది. ఆ యేడే మువ్వురు నల్లజాతి సభ్యులు ఎన్నికైరి. అవినీతిని తొలగింతుమని తెచ్చిన సంస్కరణము చేసిన గాయము మానుటకు డెబ్బదినాలుగేండ్లు పట్టినది! ఈ పద్ధతికి తల్లియైన గాల్వెస్టను సయితము 1960లో కమిషను పద్ధతిని వదలుకొన్నది. ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టుకొనరాదని మన పెద్దలు ఊరకే చెప్పలేదు.

ఇక వేఱు మార్గమును చూతము. ఒహాయో రాష్ట్రముననే క్లీవ్‌లాండు నగరమునకు 1901 మొదలు 1909 వఱకు టాం జాన్సను మేయరుగా నుండెను. ఈతని పూర్వచరిత్ర చిత్రమైనది. ట్రాము కంపెనీల యజమానిగా, గుత్త హక్కులతో కోట్లు గడించినవాడు. హెన్రీ జార్జి గ్రంథములు చదివి, తాను గడించిన ధనము ప్రజలహక్కుల నుండి కొల్లగొట్టినదని గ్రహించి, తాను పెరిగిన పద్ధతితోడనే పోరాడుటకు దిగెను. దొంగదారులెఱిగినవాడు కావున కాపలాకు తగినవాడయ్యెను.

జాన్సను వార్డుకు భయపడలేదు, వార్డులోనికే పోయెను. ఒక పెద్ద గుడారమును బండిపై వేసికొని పేట పేటకును తిరిగి, ఖాళీస్థలమున దానినెత్తించి, సాయంకాలము పనివాండ్రను సమావేశపఱచి, నగరపు లెక్కలు వారికి విప్పి చెప్పెడివాడు. ఎవ్వడైనను లేచి ప్రశ్నింపవచ్చును. పరులు చేసిన ప్రశ్నలకు సమాధానమిచ్చుటలోనే అతని రాజనీతి యంతయు నుండెను. పన్నులలో జరుగు అన్యాయమును వెల్లడించుటకు పీటర్ విట్ అను కార్మికుని చేత 'పన్నుల పాఠశాల' నడిపించెను. ఏ వీథిలో ఏ స్థలమునకు ఎంత విలువ కట్టినారో పటము వేసి గోడకు తగిలించిరి. పెద్ద కట్టడములకు తక్కువయు, బీదల గుడిసెలకు ఎక్కువయు విలువ కట్టియుండుట అందఱును కన్నులార చూచిరి. మూడు సెంట్లకే ట్రాము ప్రయాణము అనునది అతని ప్రతిజ్ఞ. పార్కులలో పచ్చికపై నడువరాదను పలకలను తీయించి, పిల్లలకు ఆటస్థలము లేర్పఱచెను. పాలు, మాంసము తనిఖీ చేయించెను. ఖైదీలను, నిరుపేదలను ఊరి వెలుపల వ్యవసాయక్షేత్రములో నుంచి వారికి మనుష్యత్వము కల్పించెను. ట్రాము కంపెనీలు న్యాయస్థానములకు పోగా, న్యూటన్ బేకరు అను యువన్యాయవాది నగరము పక్షమున నిలిచి పోరాడెను. తరువాత నీతడే మేయరై, నగరము స్వయముగా విద్యుత్తు చేసి చౌకగా అమ్మునట్లు చేసెను. జాన్సను అమెరికాలో ఉత్తముడైన మేయరనియు, అతని నగరము చక్కని పాలన గల నగరమనియు, నిందించుటకే పేరుపడిన స్టెఫెన్సు ప్రశంసించెను.

జాన్సను కథలో జయమే కాదు, పరాజయమును గలదు. దానిని దాచుట ధర్మము కాదు. 1908లో ట్రాములు నగరపు పక్షమువారి చేతికి వచ్చినవి. పనివాండ్ర సమ్మె జరిగినది. ఆ యేటి ప్రజాభిప్రాయ సేకరణలో జనము అతనికి ప్రతికూలముగా ఓటు వేసిరి. 1909లో మేయరు పదవికిని ఓడిపోయెను. 1911లో పరమపదించెను. కాని ఓడిన మఱుసటి యేడే, 1910లో, కుదిరిన రాజీ ననుసరించి ట్రాము చార్జీ మూడు సెంట్లతోనే ఆరంభమయ్యెను. ప్రజలు తనను ఓడించు అధికారమును తానే వారికి నేర్పినవాడు జాన్సను. తనను ప్రశ్నింపరాదని కోరినచో అతడు ఇంకను కొంతకాలము పదవిలో నుండియుండును. నగరము మాత్రము పన్నులు లెక్కించుటను, కంపెనీలను ఎదిరించుటను నేర్చియుండదు.

ఈ రెండు మార్గములకును భేదమెక్కడ? దక్షతలో లేదు, రెండు చోట్లను దక్షులు గలరు. నిజాయితీలోను లేదు. ఓటరు విషయమైన దృష్టిలో గలదు. ఒక మార్గము ఓటరును రోగముగా నెంచి, వానిని దూరముగ నుంచుటయే చికిత్స యని తలచినది. రెండవది, ఓటరునకు లెక్కలు తెలియకుండుటయే రోగమని గ్రహించి, వానికి లెక్కలు తెలుపుటయే చికిత్సగా చేసినది. గోడలు కట్టుటకు మొదటిది చాలును. కట్టిన గోడ ఎవ్వరి యింటిని కాపాడవలెను, ఎవ్వరి గుడిసెను కూల్చవలెను అను ప్రశ్న వచ్చినపుడు, ఆ గుడిసె మనిషికి సంఘములో ఒక నోరు లేనిచో న్యాయము జరుగునని మేము నమ్మజాలము.

మన దేశచరిత్రయు ఈ పాఠమునే చెప్పుచున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రమున నాగరికుడను అధికారికి నగరరక్షణ అప్పగింపబడినది. వీథిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు దండన విధింపబడినది. శాసనము చక్కనిదే; ఆ నాగరికుడు రాజునకు జవాబుదారి, వీథివారికి కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదును ముంచి వేలకొలది ప్రాణములను బలిగొన్నపుడు, నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. వారి సూచనల ఫలముగా 1920లో ఉస్మాను సాగరము, 1927లో హిమాయతు సాగరము నిర్మింపబడినవి. 1912లో నగరాభివృద్ధి సంఘమొకటి యేర్పడి రాజవీథులు తీర్చెను. గాల్వెస్టనువలెనే ఇదియు నిపుణుల విజయము. కాని ఆ నిర్మాణములు జరుగుచుండగా హైదరాబాదు పౌరునకు తన నగరమున ఓటు లేదు. అది కొంత పరిమితముగనైనను లభించుటకు 1934 వఱకు వేచియుండవలసి వచ్చెను.

బ్రిటిషిండియాలో మన నాయకులు పురపాలక సంఘములను అల్పముగ నెంచలేదు. టంగుటూరి ప్రకాశముగారు రాజమహేంద్రవరమున చైర్మనుగా నుండిరి. 1924లో చిత్తరంజనదాసు కలకత్తాకు మేయరైనపుడు, ఇరువదియేడేండ్ల సుభాసచంద్రబోసు ఆ సంఘమునకు ముఖ్యకార్యనిర్వాహకుడయ్యెను. వల్లభభాయి పటేలు 1924 మొదలు 1928 వఱకు అహమ్మదాబాదు పురపాలక సంఘమునకు అధ్యక్షుడు. అంతకు ముందు, ఆ సంఘము పాఠశాలలను ప్రభుత్వాధీనము నుండి తప్పింపగా, 1922లో ప్రభుత్వము దానిని రద్దుచేసి తాను నియమించిన వారికి పాలన నప్పగించెను. ఎన్నికైన సంఘమును త్రోసివేసి నియమితులచే పాలింపించుట పరప్రభుత్వపు సాధనము. ఈ సంగతి మనవారు మఱువరాదు.

స్వతంత్ర భారతము ఈ విషయమున చక్కని శాసనమునే చేసికొన్నది. 1992లో ఆమోదింపబడి 1993 జూను 1వ తేదీన అమలునకు వచ్చిన డెబ్బదినాల్గవ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘమునకు ఐదేండ్ల కాలమును నిర్ణయించినది. ఆ కాలము తీరకముందే ఎన్నిక జరుగవలెనన్నది. రద్దయినచో ఆరునెలలు మించరాదన్నది. స్త్రీలకు మూడవవంతునకు తక్కువ కాకుండ స్థానము లిచ్చినది. మూడు లక్షలకు మించిన నగరములలో వార్డు కమిటీలుండవలెనన్నది. పదునెనిమిది విషయములను పురపాలక సంఘములకు అప్పగింపదగినవిగా పేర్కొన్నది. ఎన్నికలను సకాలమున జరుపుట తప్పనిసరి యని 2006లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది.

ఆచరణ మెట్లున్నది? విశాఖపట్టణమునకు 2012లో సంఘము కాలము తీరగా 2021 మార్చి వఱకు, అనగా తొమ్మిదేండ్లు, ఎన్నికైన సంఘము లేదు. చెన్నపురి 2016 మొదలు 2022 వఱకు, బొంబాయి 2022 మార్చి తరువాత మూడేండ్లకు పైగా ప్రత్యేకాధికారుల పాలనలో నుండినవి. బెంగుళూరున 2020 సెప్టెంబరులో కాలము తీరిన పిదప నాలుగేండ్లు గడచినను ఎన్నిక జరుగలేదు. వార్డుల విభజన యనియు, గ్రామముల విలీనమనియు, రిజర్వేషన్ల లెక్క యనియు, కోర్టు వ్యాజ్యమనియు కారణములు చెప్పబడుచున్నవి. ప్రతి కారణములోను కొంత నిజముండవచ్చును. కాని శాసనసభల ఎన్నికలకు వచ్చిన చిక్కులు తీరునపుడు నగరముల ఎన్నికలకు వచ్చిన చిక్కులు మాత్రమేల యేండ్ల తరబడి తీరవు? అమెరికావారికి ఒక ప్రళయము వచ్చిన తరువాత కలిగిన ఆలోచన, మనకు ప్రళయము లేకయే అలవాటైనది!

మన ప్రతిపక్షులు ఒక మాట యందురు: "ఎన్నికైనవారు గుత్తలలో పాలుపంచుకొనుట లేదా? చెఱువులు ఆక్రమించువారికి అండగా నిలుచుట లేదా?" అట్టివారు లేరని మేము చెప్పము. కంచె చేను మేసిన సందర్భములు పాఠకులు స్వయముగా చూచియే యుందురు. కాని ప్రత్యేకాధికారి పాలనలో చెఱువులు నిలిచినవా? అధికారి మూడేండ్లకు బదిలీ యగును. అతనిని అడుగబోయిన వితంతువు కార్యాలయపు మెట్ల కడ ఆగిపోవును. వార్డు సభ్యుడు చెడ్డవాడే కావచ్చును, మఱల ఓటునకు ఆ వీథికే రావలెను. ఆ యొక్క భయమును తీసివేసిన తరువాత మనకు మిగులునదేమి?

కావున మేము కోరునవి స్పష్టములు. ఐదేండ్ల కాలము తీరకముందే ఎన్నిక జరుగవలెను. జరుపలేని ప్రభుత్వము ప్రజలకు కారణము వ్రాతమూలకముగా చెప్పవలెను. కమిషనరు నిపుణుడు కావలెను, సంఘమునకు జవాబుదారియు కావలెను. మేయరు పదవి హారములు వేయించుకొనుటకే కాక ఖర్చుపై మాట చెల్లునట్లుండవలెను. వార్డు కమిటీలు కాగితముపై నుండి వీథిలోనికి రావలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రతి వార్డున ఆ వార్డునకు వచ్చిన సొమ్మెంత, అయిన పనులేవి, గుత్తదారెవడు అను పట్టీ తెనుగులో, పెద్ద అక్షరములతో, అందఱు చూచుచోట వ్రేలాడవలెను. దీనికి క్రొత్త చట్టమక్కరలేదు. జాన్సను గోడకు తగిలించిన పటము వంటిది చాలును.

ప్రభుత్వములకు చెప్పినది చాలు. పౌరులకును ఒక మాట చెప్పవలసియున్నది. పురపాలక ఎన్నిక నాడు సెలవు దినమని ఇంట నిదురించి, వాన వచ్చిన నాడు కార్పొరేటరును తిట్టుట ధర్మము కాదు. మన నగరములలో అక్షరాస్యులు, సంపన్నులు గల పేటలలోనే ఓట్లు తక్కువగా పడుట సిగ్గుపడదగిన విషయము. జేన్ ఆడమ్సు చెత్తబండి వెంట తిరిగినట్లు, మన వీథి పెద్దలు, మన కళాశాలల విద్యార్థులు వారమున కొక్కనాడు తమ వార్డు కాలువల వెంట తిరిగి చూచినచో, ఏ అధికారియు చేయలేని తనిఖీ జరుగును. బీదపేట మనిషికి కష్టమున తలుపు తట్టదగిన యిల్లు ముఠావానిది మాత్రమే కాకుండ చేయుట ఆ యువకులవలన నగును. సంస్కరణము అచ్చట మొదలు కావలెను.

సముద్రమునకు గోడ కట్టుట కష్టమే, ఇంజనీర్లున్నచో నెఱవేరును. తన వీథిని గూర్చి ప్రశ్నించు పౌరుని తయారుచేయుటకు మాత్రము కాలము, ఓర్పు కావలెను. ప్రశ్నింపబడుటకు సమ్మతించు పాలకులును కావలెను. మన నగరములకు ఆ ఓర్పు కలుగుగాక యని ఆశించుచు, రానున్న ప్రతి పురపాలక ఎన్నికలోను మన పాఠకులు ఈ దృష్టితో తమ కర్తవ్యమును నిర్వహింతురని మేము విశ్వసించుచున్నాము.